పైసలు కట్ అయినయ్, అవతలికి పోలే.. నడుమ ఏమైతది?

ఎరువుల దుకాణం కాడ స్కాన్ కొడ్తరు. పిన్ నొక్కుతరు. తెర మీద గుండ్రం తిరుగుడు మొదలైతది. తిరిగి తిరిగి చివరికి 'పెండింగ్' అంటది. ఇంతల బ్యాంకు మెసేజ్ వస్తది, రెండు వేలు కట్ అని. దుకాణంల ఉన్న సౌండ్ బాక్స్ మాత్రం సప్పుడు చెయ్యదు. "నాకు రాలే తమ్మీ" అంటడు దుకాణపాయన. "నాకు కట్ అయినయ్ అన్నా" అంటడు పిలగాడు. ఇద్దరు చెప్పేది నిజమే. అయినా పంచాయితీ మొదలైతది.

గప్పుడు ఒక్కటే ప్రశ్న. మళ్లొకసారి కొట్టాల్నా, ఆగాల్నా? కొడితే రెండుసార్లు కట్ అయితయేమో. కొట్టకపోతే యూరియా బస్తా ఇయ్యడు. ఇది మన ఊరి దుకాణం ముచ్చట అనిపిస్తది గానీ, ఎన్నో కంప్యూటర్లు కలిసి చేసే ప్రతి పనిల ఉండే అసలు చిక్కు ఇదే. రైలు టికెట్ బుక్ చేసినా, గ్యాస్ బండ చెప్పినా, రైతు ఖాతాల సర్కారు పైసలు పడ్డా వెనుక ఇదే కథ నడుస్తది.

2016 ఏప్రిల్‌ల యూపీఐ మొదలైంది. 2025 ఆగస్టు వచ్చేసరికి ఒక్క నెలల 2,000 కోట్ల లావాదేవీలు దాటినయ్. లెక్కేస్తే సగటున సెకనుకు ఏడు వేల పైన. దీంట్ల వెయ్యికి ఒక్కటి ఇరుక్కున్నా రోజుకు లక్షల మంది దుకాణాల కాడ నిలబడుతరు. వాళ్లల్ల కూలీ పైసలు తప్ప జేబుల ఇంకో రూపాయి లేనోళ్లు సుత ఉంటరు. అందుకే ఇది ఇంజనీర్ల ముచ్చట అని పక్కకు పెట్టేది కాదు.

ఒక్క స్కాన్, ఎన్ని చేతులు?

మనం స్కాన్ కొట్టంగనే పైసలు సీదా అవతలి ఖాతాలకు పోతయనుకుంటం. అట్ల కాదు. ఫోన్‌ల ఉన్న యాప్ నుంచి ఆ యాప్‌కు తోడున్న బ్యాంకుకు పోతది. అక్కడి నుంచి ఎన్‌పీసీఐకి పోతది. యూపీఐని నడిపే సంస్థ అదే. ఎన్‌పీసీఐ మన బ్యాంకును అడుగుతది, "ఈ ఖాతాల నుంచి రెండు వేలు కట్ చెయ్". కట్ అయినంక దుకాణపాయన బ్యాంకుకు చెప్తది, "ఈ ఖాతాల రెండు వేలు వెయ్". ఆ జవాబు వచ్చినంక మళ్ల అందరికి కబురు పోతది.

అంటే నాలుగైదు చోట్ల కంప్యూటర్లు. ఒకరి పుస్తకం ఇంకొకరికి కనవడదు. నడుమ ఉన్నది నెట్‌వర్క్, అది ఎప్పుడు తెగుతదో ఎవరికీ తెల్వదు. ఇగ చూడండి, కట్ చేసుడు ఒక బ్యాంకుల, వేసుడు ఇంకో బ్యాంకుల. ఈ రెండిటి నడుమ ఒక సెకనో రెండు సెకన్లో పైసలు ఇటూ లేవు, అటూ లేవు. ఆ సందుల ఏదైనా ఆగితేనే మన పంచాయితీ.

సప్పుడు లేదంటే 'లేదు' అని కాదు

పక్క ఊరికి ఒక పిలగాని చేతికి చిట్టీ ఇచ్చి పంపినవ్ అనుకో. పొద్దుగూకింది, పిలగాడు రాలే. ఏమై ఉంటది? చిట్టీ అందకముందే దారిల ఎక్కడన్న ఆగిండేమో. చిట్టీ అందింది, పని అయింది, తిరిగొచ్చేటప్పుడు ఆగిండేమో. లేకుంటే అక్కడ ఇంకా పని నడుస్తనే ఉందేమో. ఇంట్ల కూసున్న నీకు ఈ మూడూ ఒక్కలెక్కనే కనవడ్తయ్. పిలగాడు రాలే, గంతే తెలుసు.

కంప్యూటర్లకు సుత ఇంతే. అవతలి నుంచి జవాబు రాకపోతే 'టైమౌట్' అంటరు. కొత్తగ కోడ్ రాసేటోళ్లు టైమౌట్ వస్తే 'ఫెయిల్' అని రాసేస్తరు. అక్కడే దెబ్బ పడ్తది. టైమౌట్ అంటే ఫెయిల్ కాదు, 'తెల్వదు'. అవతలి బ్యాంకు పైసలు వేసేసి, జవాబు మాత్రం దారిల పోయిందనుకో. ఫెయిల్ అనుకొని ఇవతల వాపస్ ఇచ్చేస్తే దుకాణపాయన ఖాతాల పైసలు ఉన్నయ్, పిలగాని ఖాతాల సుత పైసలు ఉన్నయ్. ఆ రెండు వేలు ఎవరు కట్టాలె?

ఇంకొన్ని మెసేజ్‌లు ఎక్కువ పంపితే సరిపోతది గదా అనిపించొచ్చు. సరిపోదు. రెండు ఊర్లోళ్లు కలిసి కలెక్టరేట్‌కు పోవాలె, ఒక్క ఊరే పోతే లాభం లేదు అనుకో. "రేపు పొద్దుగాల పోదాం" అని మొదటి ఊరు కబురు పంపింది. అందిందో లేదో తెల్వాలంటే రెండో ఊరు జవాబు పంపాలె. ఆ జవాబు అందిందో లేదో రెండో ఊరికి తెల్వాలంటే మొదటి ఊరు మళ్ల పంపాలె. ఇది ఎన్నటికీ ఒడువదు. 1978ల జిమ్ గ్రే అనే కంప్యూటర్ శాస్త్రవేత్త దీన్ని ఇద్దరు జనరల్స్ కథ లెక్క చెప్పిండు. కబురు పోయే దారి నమ్మకం లేనిదైతే, ఎన్ని కబుర్లు పంపినా ఇద్దరికీ పూర్తి భరోసా రాదని లెక్కతోని రుజువైంది.

అందుకే మంచి సిస్టమ్‌ల రెండు కాదు, మూడు జవాబులు ఉంటయ్. అయింది, కాలే, ఇంకా తెల్వదు. ఆ మూడోదే పెండింగ్. మనకు కోపం తెప్పించే మాటనే గానీ, తెల్వనప్పుడు చెప్పాల్సిన నిజం అదే. దాన్ని ఎంత తొందరగ తేల్చాలె అన్నదే ఇంజనీర్ల పని. 2025 జూన్ 16 నుంచి ఎన్‌పీసీఐ పేమెంట్ జవాబుకు గడువును 30 సెకన్ల నుంచి 15 సెకన్లకు తగ్గించింది. ట్రాన్సాక్షన్ ఏమైందని అడిగితే చెప్పే గడువును 30 నుంచి 10కి తెచ్చింది.

రెండుసార్లు చెప్పినా ఒక్కటేసారి కావాలె

తెల్వనప్పుడు మళ్ల అడుగుడు తప్పదు. మళ్ల అడిగితే పని రెండుసార్లు అయ్యే ముప్పు ఉంటది. మరి ఎట్ల?

బాయికాడ మోటర్ స్టార్టర్ చూడండి. పచ్చ బటన్ ఒకసారి నొక్కితే మోటర్ లేస్తది. నడుస్తున్నప్పుడు ఇంకో పదిసార్లు నొక్కినా ఒక్క మోటరే నడుస్తది, నీళ్లు పదింతలు రావు. పని ఇట్ల ఉంటే ఎన్నిసార్లు చెప్పినా భయం లేదు. దీన్ని ఇంజనీర్లు ఐడెంపొటెన్సీ అంటరు. నోరు తిరగని పేరు గానీ, లోపలున్నది పచ్చ బటన్ ముచ్చటే.

పైసలది పచ్చ బటన్ లెక్క కాదు. "రెండు వేలు కట్ చెయ్" అని రెండుసార్లు చెప్తే నాలుగు వేలు కట్ అయితయ్. దాన్ని పచ్చ బటన్ లెక్క చేసేది నంబర్. మొట్టమొదలే ఆ లావాదేవీకి ఒక నంబర్ పెడ్తరు. ఆ నంబర్ ఇంకోదానికి రాదు. ఇగ చెప్పుడే మారుతది. "ఈ నంబర్ లావాదేవీ కింద రెండు వేలు కట్ చెయ్" అంటరు. అదే నంబర్‌తోని మళ్ల అడిగితే బ్యాంకు పుస్తకం చూస్తది. "ఇది అయిపోయింది, ఇదిగో పాత జవాబు" అంటది, మళ్ల కట్ చెయ్యదు. మీ యాప్‌ల లావాదేవీ కింద కనవడే 12 అంకెల నంబర్‌తోని బ్యాంకులు తర్వాత మీ పైసల జాడ పట్టుకుంటయ్.

ఇక్కడ ఒక్క ముచ్చట యాది పెట్టుకోండి. యాప్ లోపల తనకు తానే మళ్ల అడిగేది పాత నంబర్‌తోని. మీరు మళ్ల స్కాన్ కొడితే మాత్రం అది కొత్త నంబర్. సిస్టమ్‌కు అది రెండో పేమెంటే. అందుకే పెండింగ్ ఉన్నప్పుడు మళ్ల కొట్టొద్దు.

ముందు రాసుడు, తర్వాత చేసుడు

పెండ్లిల కట్నాలు రాసేకాడ కూసున్నాయనను చూసే ఉంటరు. పేరు, ఊరు, ఎంత అని ముందు బుక్కుల రాస్తడు, తర్వాతనే పైసలు సంచిల వేస్తడు. నడుమ కరెంటు పోయినా, ఆయన లేసి బువ్వకు పోయినా, ఇంకొకరు కూసొని బుక్కు చూసి పని అందుకోవచ్చు.

డేటాబేస్‌లు చేసేది ఇదే. ఏ మార్పు చెయ్యబోతున్నమో ముందు డిస్కు మీద ఒక లాగ్‌ల రాస్తయ్, ఆ తర్వాతనే అసలు లెక్కను మారుస్తయ్. మధ్యల మెషీన్ ఆగిపోతే, మళ్ల లేసినంక లాగ్ చదివి ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి సరిచేసుకుంటయ్. లింక్డ్‌ఇన్‌ల పుట్టి 2011ల అందరికీ ఓపెన్ చేసిన కాఫ్కా అనే సాఫ్ట్‌వేర్‌కు పునాది సుత ఇదే. కిందికి కిందికి రాసుకుంట పోయే ఒక పెద్ద బుక్కు అది. ఎవరు ఎక్కడిదాంక చదివిన్రో గుర్తు పెట్టుకుంటరు, పడిపోయినోళ్లు లేసి అక్కడి నుంచి చదువుకుంటరు.

ఇంకో నియమం, రాసింది కొట్టెయ్యొద్దు. తప్పు పడితే దాన్ని చెరపరు, కింద ఇంకో లైన్‌ల 'వాపస్' అని రాస్తరు. మీ పాస్‌బుక్కుల కట్ అయినట్టు ఒక లైన్, వాపస్ వచ్చినట్టు ఇంకో లైన్ ఉండేది అందుకే. చెరిపితే రేపు ఎవరన్న అడిగితే చూపెట్టేతందుకు ఏం ఉండదు.

కాపీలు ఎన్ని? మాట ఎవరిది?

బుక్కు ఒక్కటే ఉండి అది కాలిపోతే? అందుకే మూడు నాలుగు మెషీన్లల్ల కాపీలు పెడ్తరు. కాపీలు పెడితే కొత్త చిక్కు వస్తది. ఒక దాంట్ల ఒకటి, ఇంకో దాంట్ల ఇంకోటి ఉంటే ఏది నమ్మాలె? ఎక్కువ మంది మాటనే చెల్లుతది. మూడు మెషీన్లుంటే రెండు ఒప్పుకోవాలె, ఐదుంటే మూడు. మూడింట్ల ఒకటి పడిపోయినా పని ఆగదు, ఐదింట్ల రెండు పడిపోయినా ఆగదు. నాలుగు పెడితే? ముగ్గురు ఒప్పుకోవాలె కాబట్టి ఒక్కటి పడిపోవుడే తట్టుకుంటది. మూడుకు, నాలుగుకు తేడా లేదు, ఖర్చు మాత్రం పెరిగింది. అందుకే బేసి సంఖ్యనే పెడ్తరు.

ఈ మెషీన్ల నడుమ తీగె తెగితే ఇంకో నిర్ణయం చెయ్యాలె. ఎరిక్ బ్రూవర్ 2000ల ఈ మాట చెప్పిండు, 2002ల గిల్బర్ట్, లించ్ రుజువు చేసిన్రు. సంబంధం తెగినప్పుడు రెండిట్ల ఒకటి వదులుకోవాలె. 'ఆగు, ఇప్పుడు చెప్పలేను' అనాలె, లేకుంటే పాత లెక్కనో తప్పు లెక్కనో చెప్పుడుకు సిద్ధపడాలె. వీడియో కింద లైకులు నూటికి తొంబై ఎనిమిది కనవడ్డా కొంప మునగదు, పాతదే చూపెట్టొచ్చు. పైసల కాడ అట్ల కాదు, ఆగుడే న్యాయం. ఏ పనికి ఏది అన్నది కంప్యూటర్ తేల్చదు, మనిషే ముందుగాల తేల్చాలె.

ఆటో స్టార్టర్ల ముచ్చట

తెలంగాణల 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైంది. అంతకుముందు గంటల లెక్కన వచ్చేది. ఏ అర్ధరాత్రి వస్తదో తెల్వక రైతులు మోటర్లకు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నరు. కరెంటు రాంగనే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మోటర్లన్నీ ఒక్కసారే లేసేవి. లేసేటప్పుడు మోటర్ నడిచేటప్పటికంటె ఎన్నో రెట్లు ఎక్కువ కరెంటు గుంజుతది. ఒక్కసారి అన్నీ గుంజితే ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోదు. అందుకే 24 గంటల కరెంటు ఇచ్చేటప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయాలని సర్కారు ఊరూరా చెప్పింది.

సాఫ్ట్‌వేర్‌ల అచ్చం ఇదే అయితది. సర్వర్ జర మెల్లగైతది. జవాబు రాక యాప్‌లన్నీ మళ్ల అడుగుతయ్. దాంతోని ఇంకింత బరువు పడి సర్వర్ ఇంకా మెల్లగైతది. యాప్‌లు ఇంకా ఎక్కువ అడుగుతయ్. చివరికి అడిగేటోళ్ల తాకిడితోనే కూలుతది. 2025 ఏప్రిల్ 12న దేశమంతా యూపీఐ గంటల తరబడి ఇబ్బంది పెట్టింది. ఎన్‌పీసీఐ లోపల చూస్తే, కొన్ని బ్యాంకుల నుంచి 'ట్రాన్సాక్షన్ ఏమైంది?' అని అడిగే రిక్వెస్టులు వరద లెక్క వచ్చినట్టు తేలింది. పైసలు పంపేటోళ్ల వల్ల కాదు, పంపింది ఏమైందని పదే పదే అడిగే మెషీన్ల వల్ల ఆగింది.

దాని తర్వాత నియమాలు బిగించిన్రు. 2025 ఆగస్టు 1 నుంచి పెండింగ్ లావాదేవీ స్టేటస్ మూడుసార్లే అడగాలె, ఒకదానికి ఇంకోదానికి నడుమ కనీసం 90 సెకన్లు ఉండాలె. ఒక యాప్‌ల రోజుకు 50 సార్లకంటె ఎక్కువ బ్యాలెన్స్ చూడొద్దు. మనకు ఇబ్బంది పెట్టేతందుకు కాదు ఇది, ట్రాన్స్‌ఫార్మర్‌ను కాపాడేతందుకు.

కోడ్ రాసేటోళ్లకు పాఠం ఏందంటే, మళ్ల అడిగేటప్పుడు ఆగి అడగాలె. మొదట ఒక సెకను, తర్వాత రెండు, తర్వాత నాలుగు, ఎనిమిది. అందరూ ఒక్క తీరుగ ఆగితే మళ్ల అందరూ ఒక్కసారే లేస్తరు కాబట్టి, ఆ ఆగుడుల సుత తలా ఇంత తేడా పెట్టాలె. అవతలోడు అసలే పడిపోయి ఉంటే కొద్దిసేపు అడుగుడే బంద్ చెయ్యాలె. దానికి పెట్టిన పేరు సుత కరెంటోళ్ల కాడ నుంచి తెచ్చుకున్నదే, సర్క్యూట్ బ్రేకర్.

'ఇప్పుడు' అంటే ఎప్పుడు?

రియల్ టైమ్ డేటా అంటే అప్పటికప్పుడే వచ్చే లెక్కలు. మన మండలాలల్ల వాన ఎంత పడ్డదో చెప్పే ఆటోమేటిక్ వెదర్ స్టేషన్లు ఇట్లాంటివే. ఒక స్టేషన్‌కు సిగ్నల్ రెండు గంటలు పోయింది అనుకో. సిగ్నల్ రాంగనే రెండు గంటల లెక్క ఒక్కసారే పంపుతది. అందిన టైమ్ పట్టి లెక్క కడితే, ఐదు గంటలకు ఒక్క నిమిషంల కుండపోత పడ్డట్టు చూపెడ్తది. చెరువు కింద ఉన్నోళ్లకు ఉత్తగనే హెచ్చరిక పోతది. అందుకే వాన పడ్డ టైమ్ వేరే, లెక్క అందిన టైమ్ వేరే అని రెండూ రాసుకోవాలె. ఆలస్యంగ వచ్చేటోళ్ల కోసం ఎంతసేపు చూడాలె అన్నది ముందే తేల్చుకోవాలె.

మెషీన్ల గడియారాలు సుత ఒక్క తీరుగ నడువయ్. ఎవరిది ముందు, ఎవరిది వెనుక అని గడియారం చూసి చెప్తే తప్పు పడొచ్చు. లెస్లీ లాంపోర్ట్ 1978ల రాసిన పేపర్ల దీనికి దారి చూపెట్టిండు. గడియారం కంటె, ఏ కబురు తర్వాత ఏ కబురు పుట్టింది అన్న వరుసనే నమ్మమన్నడు.

లెక్క కలవాలె, పైసలు రావాలె

ఎంత మంచిగ కట్టినా కొన్ని ఇరుక్కుంటయ్. అందుకే చివరి కాపలా ఒకటి ఉంటది, లెక్క కలుపుడు. ఎన్‌పీసీఐ పుస్తకం, రెండు బ్యాంకుల పుస్తకాలు పక్కపక్కన పెట్టి తేడా వచ్చినవి ఏరుతరు. వేసుడు కానివి వాపస్ పంపుతరు.

దీనికి చట్టంగ గడువు ఉంది. 2019 సెప్టెంబర్ 20న ఆర్‌బీఐ ఇచ్చిన ఆదేశం ప్రకారం, మనిషి నుంచి మనిషికి పంపినవి కట్ అయి అవతల పడకపోతే మర్నాడు లోపల వాపస్ రావాలె. దుకాణాలకు కట్టినవైతే ఐదు రోజుల లోపల. దాటితే రోజుకు 100 రూపాయలు మీ ఖాతాల వేయాలె. మీరు ఫిర్యాదు పెట్టేదాంక ఆగకుండ బ్యాంకే వేయాలని ఆ ఆదేశంలనే ఉంది. రాకపోతే 12 అంకెల నంబర్ రాసుకొని యాప్‌ల, బ్యాంకుల ఫిర్యాదు పెట్టండి. బ్యాంకు 30 రోజులల్ల జవాబియ్యకుంటే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ కాడికి పోవచ్చు. కస్టమర్ కేర్ నంబర్ కోసం ఇంటర్నెట్‌ల వెతికి దొరికినదానికి ఫోన్ కొట్టొద్దు, దొంగ నంబర్లు అక్కడనే ఉంటయ్.

నేర్చుకునేటోళ్లకు నాలుగు మాటలు

ఊర్ల నుంచి హైదరాబాద్ అమీర్‌పేటకు పోయి కోర్సులు నేర్చుకునే తమ్ముళ్లు, చెల్లెండ్లు మస్తు మంది. అక్కడ టూల్స్ పేర్లు చెప్తరు. కాఫ్కా, స్పార్క్, కుబర్నెటిస్. అవి నేర్వాలె, కాదనేది లేదు. కానీ టూల్ పేర్లు మారుతయ్. 1978ల చెప్పిన మాటలు మాత్రం ఇయ్యాల్టికీ నడుస్తున్నయ్. అందుకే ఏ ప్రాజెక్ట్ చేసినా ఈ ప్రశ్నలు అడుక్కోండి. జవాబు రాకపోతే నా కోడ్ ఏమనుకుంటది? ఇదే పని రెండుసార్లు వస్తే ఏమైతది? నడుమ మెషీన్ ఆగితే ఎక్కడ నుంచి అందుకుంటది? పది రెట్ల మంది ఒక్కసారే వస్తే ఎవరిని ఆపుతది? లెక్క తప్పితే ఎట్ల తెలుస్తది?

జవాబులు కాయిదం మీద రాసి ఊరుకోవద్దు, తీగె పీకి చూడాలె. నెట్‌ఫ్లిక్స్ తన సర్వర్లను పని నడిచే టైమ్‌లనే తానే ఆపి చూసుకునే 'కేయాస్ మంకీ' అనే సాఫ్ట్‌వేర్ కట్టుకుంది. మీ ఇంట్ల రెండు పాత ల్యాప్‌టాప్‌లు, ఒక వైఫై ఉన్నా ఇది చెయ్యొచ్చు. పేమెంట్ నడిచేటప్పుడు వైఫై బంద్ చెయ్, మళ్ల ఆన్ చెయ్, రెండు దిక్కుల లెక్క కలుస్తదా చూడు. ఇంటర్వ్యూల ఇది చెప్పేటోడికి, టూల్ పేర్లు అప్పజెప్పేటోడికి తేడా వెంటనే తెలుస్తది.

యాప్‌లు కట్టేటోళ్లను సుత ఒకటి అడగాలె. 'పెండింగ్' అని ఒక్క మాట పడేసి ఊరుకుంటే దుకాణం కాడ నిలబడ్డ ముసలవ్వకు ఏం అర్థమైతది? "మీ పైసలు యాడికీ పోలే. అవతల పడ్డయో లేదో చూస్తున్నం. పడకపోతే ఫలానా తారీఖు లోపల వాపస్ వస్తయ్. మళ్ల కొట్టకండి" అని తెలుగుల రాస్తే ఖర్చేం కాదు. సిస్టమ్‌కు తెల్వనిది తెల్వదని చెప్పుడు మంచిదే. తెలిసినంత మనిషికి అర్థమయ్యేటట్టు చెప్పుడు సుత ఇంజనీరింగ్‌లనే ఉంది. గట్ల చెప్పిన రోజు దుకాణపాయన, పిలగాడు కొట్లాడుకోరు. ఇద్దరూ తారీఖు చూసుకుంటరు, బస్తా బండి మీదికి ఎక్కుతది.